ఎనిమిది ఓట్ల లెక్క

మా ఊళ్ళో ఎన్నికలు వస్తే జనం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈపాలి గాలెటు?" నిలబడ్డవాడు ఎలాంటివాడు, కిందటిసారి ఏం చేస్తానన్నాడు, అందులో ఎన్ని చేశాడు అని ఎవరూ అడగరు. గెలిచేవాణ్ని ముందే పసిగట్టి వేస్తే అది ఓటు. ఓడేవాడికి వేస్తే "ఓటు మురిగిపోనాది" అని దిగులుపడతారు. ఓటేమైనా డొంకూరు నుంచి తట్టలో వచ్చిన చేపా, సాయంత్రానికి మురిగిపోవడానికి?

పలాస, కాశీబుగ్గ అని పేర్లు రెండు గాని ఊరు ఒకటే. బుద్ధీ ఒకటే. జీడిపప్పు వ్యాపారులు రెండు పార్టీల జెండాలూ కొని గోడౌన్లో పెట్టుకునేవారు. ఓట్ల లెక్కింపు రోజు మధ్యాహ్నం దాకా మేడమీద కర్ర ఖాళీగా నిలబడి ఉండేది. బస్టాండు వెనక వీధిలో తండ్రి ఏ పార్టీయో కొడుకూ అదే పార్టీ. ఎందుకని అడిగితే "మేం మొదట్నుంచీ అదేనండి" అంటారు, పార్టీ కూడా ఇంటిపేరు అయినట్టు. పింఛను పనిమీద టెక్కలి వెళ్ళినప్పుడు అక్కడి జనం కొంచెం తెలివైనవాళ్ళేమో చూద్దామని చెవి ఒగ్గి విన్నాను. అక్కడా గాలే.

ఉద్దానం తీరంలో చేపలు పట్టే ఊళ్ళలో పెద్దలు కూర్చుని, ఊరంతా ఒకరికే వెయ్యాలని కట్టుబాటు చేస్తారు. అక్కడి బడిలో నాలుగేళ్ళు పనిచేశాను కనుక కళ్ళారా చూశాను. ఆ కూటంలో కేకలుంటాయి, తిట్లుంటాయి, ఒకడి తువ్వాలు ఒకడు లాగడం ఉంటుంది. ఆఖరికి ఒక మాటకి వస్తారు. మా పేటలో ఆ కేకలు కూడా ఉండవు. మేం ప్రార్థన చేసుకుంటాం.

మా పేట అంటే బాప్టిస్టు సంఘం పేట. లెక్కల టీచరుగా రిటైరయ్యాక సంఘం మినిట్స్ పుస్తకం, బల్ల రిజిస్టరు నా చేతికి వచ్చాయి. నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల. చిన్న రొట్టె ముక్క, వేలెడు గ్లాసులో ద్రాక్షరసం. ఆ రోజు బల్ల తీసుకున్నవారు ఎందరో లెక్కపెట్టి తేదీ వేసి రాయడం నా పని. తప్పు చేసినవాళ్ళకి పెద్దలు బల్ల ఆపుతారు. తాగి వీధిలో పడ్డవాడికి, భార్యను కొట్టినవాడికి ఆపేవారు, అదీ ఆ తాగినవాడు పెద్దలకి చుట్టం కానప్పుడు. ఓటు వేసినందుకు బల్ల ఆపడం మాత్రం రెండు వేల నాలుగులోనే చూశాను. అది నా చేత్తోనే రాశాను.

ఏప్రిల్లో పోలింగు. అంతకు ముందు ఆదివారం పాస్టరుగారు ఆశీర్వాదం పలికి, రాజకీయాలు తనకు తెలియనట్టు పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు. ప్రతి ఎన్నికకీ ఆయన అలాగే వెళ్తారు. తరవాత పెద్ద తలుపులు వేశారు. రైల్వేలో చేసి రిటైరైన పెద్ద డీకను, అంటే సంఘ పెద్దల్లో మొదటివాడు, ముందుకు వచ్చాడు. పక్కన చిన్న డీకను, రోడ్డు పనులు చేయించే కాంట్రాక్టరు. పెద్ద డీకను ఒక మనిషి పేరు చెప్పాడు. అయిదేళ్ళుగా పదవిలో ఉన్న మనిషి.

"సంఘం ఒక్క మాట మీదుంటే ఎంతటోడైనా మన గుమ్మంకాడికొస్తాడు. సీలిపోతే ఎవలూ సూడరు," అన్నాడు.

వెనక వరసలోంచి ఒక ముసలామె అడిగింది: "ఈపాలైనా సమాదుల తోటకి గోడ కడతాడేటి, మావా?"

"కడతానని ఒట్టేసినాడే!"

"పోయినపాలీ ఒట్టేసినాడు గదా."

"అప్పుడు ఒట్టి ఒట్టు. ఈపాలి మన బైబిలు మీద సెయ్యెట్టి ఏసినాడు," అన్నాడు కాంట్రాక్టరు.

"అయితే పోయినపాలి గోడ ఎగ్గొట్టినాడు, ఈపాలి బైబిలు కూడా ఎగ్గొడతాడన్నమాట," అని ముసలామె గొణిగింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వి, చేతులెత్తమనగానే ఎత్తారు. ముసలామె కూడా ఎత్తింది.

నేనూ ఎత్తాను. ఎత్తిన చేతులు లెక్కపెట్టి "ఏకగ్రీవం" అని రాసుకున్నాను. ఇంటికి వచ్చి తొంభై తొమ్మిదో సంవత్సరం మినిట్స్ తీసి చూశాను. "సమాధుల తోట ప్రహరీ తప్పక కట్టించెదనని వాగ్దానము చేసిరి." నా దస్తూరీయే. అయిదేళ్ళ తరవాత అదే వాక్యం ఒక్క అక్షరం మార్చనక్కర లేకుండా మళ్ళీ రాయాలి. తోటలో మాత్రం పందులు తిరుగుతున్నాయి. పోలింగు రోజు నేను ఎదుటి మనిషికి వేశాను. అతను మంచివాడని కాదు. అతని ఒట్టు నా పుస్తకంలో ఇంకా లేదు, అంతే.

పోలింగు రోజు ఉదయం పదింటికి ఒక వ్యాను వచ్చి మిషను బడి ముందు ఆగింది. మా బూత్ ఆ బడిలోనే. వ్యాను ఒక జీడి ఫ్యాక్టరీ యజమానిది. ఆయన ఎదుటి పార్టీ మనిషి. ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళని ఓటు వేయించి, గంటలో మళ్ళీ పనిలో కూర్చోబెట్టడానికి పంపాడు. మా పేట ఆడవాళ్ళు ఎనిమిది మంది అందులోంచి దిగారు. జీడి చమురుకి నల్లబడ్డ వేళ్ళ మీద సిరా చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక పోలింగు గుమాస్తా తికమకపడటం నేను వరసలో నిలబడి చూశాను. ఆ ఎనిమిది మందిలో ఒక విధవరాలు ఉంది. యాభై దాటిన మనిషి. గుడిలో మూడో వరసలో గోడవార కూర్చుంటుంది. నేను లెక్క తప్పినా ఆమె రావడం తప్పదు.

మే నెలలో లెక్కించారు. సంఘం పేరు చెప్పిన మనిషి ఓడిపోయాడు. ఓడింది వేలల్లో. అయినా మా పెద్దలకి వేలు పట్టలేదు. వాళ్ళకి కావలసింది మా బూత్ అంకె. తొంభై తొమ్మిదిలో ఓటు కాగితాలు, అన్ని బూత్‌లవీ కలిపి లెక్కపెట్టారు కనుక మా పేట సంగతి బయట పడలేదు. "మా పేటలో ఒక్క ఓటు కూడా పక్కకి పోలేదు" అని పెద్ద డీకను అయిదేళ్ళు చెప్పుకు తిరిగాడు. ఈసారి మిషన్లు. ఏ బూత్‌కి ఆ బూత్ అంకె విడిగా వచ్చింది. మా బూత్‌లో ఎదుటి మనిషికి నలభై మూడు ఓట్లు.

గుడి వసారాలో క్యాలెండరు కాగితం వెనక లెక్క వేశారు. మా బూత్‌లో మా పేట కాక కంసాలి సందు ఒకటి ఉంది. ఆ సందులో ఓటు వేసినవాళ్ళు ముప్పై అయిదుగురు. ఏజెంటు టిక్కులు పెట్టిన జాబితా ఉంది కనుక ఆ అంకెలో తేడా లేదు. కంసాలి సందు ఎదుటి పార్టీ అని ఊరంతా అంటారు. కనుక ముప్పై అయిదూ అటే. నలభై మూడులోంచి ముప్పై అయిదు తీసేస్తే ఎనిమిది.

"వ్యానులోంచి దిగినోలు ఎందరు?" అన్నాడు కాంట్రాక్టరు.

"ఎనిమిది," అన్నాడు పెద్ద డీకను.

"సూసినావా బావా! లెక్క సరిపోనాది!" అని తొడ చరుచుకున్నాడు.

ఆ లెక్క నా ఎదురుగానే వేశారు. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడు వేసి ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని. తాము గొర్రెల మందలా చేతులెత్తుతారు కనుక పక్క సందువాళ్ళు ముప్పై అయిదుగురూ కలిపి ఒక్క మనిషే అని వాళ్ళ నమ్మకం. అందులో ఒకడైనా ఇటు వేసి ఉంటాడని వాళ్ళకి తట్టదు. నాకు తట్టింది. పైగా ఆ నలభై మూడులో ఒకటి నాదని నాకు తెలుసు. నేను వ్యాను ఎక్కలేదు. నోరు మూసుకుని కూర్చున్నాను. ఎందుకంటే, నాకూ బల్ల కావాలి.

మే ఆఖరి ఆదివారం ఎనిమిది మందినీ నిలబెట్టారు. ఒక్కొక్కరి మొగుడూ లేచి చెప్పాడు: "మా ఇంటి ఓటుకి నాను పూచీ." ఏడుగురి మొగుళ్ళు ఏడుసార్లు అదే మాట చెప్పారు. వాళ్ళలో ఇద్దరు కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాళ్ళు, ఒకడు పెద్ద డీకను తోడల్లుడు. ఏడుగురినీ కూర్చోమన్నారు. విధవరాలు ఒక్కర్తే నిలబడి ఉంది.

"మరి నీకెవలు పూచీ?" అన్నాడు పెద్ద డీకను.

"నాకెవలున్నారు మావా? మొగుడు పోయి ఆరేళ్ళయినాది. తోటలో పండుకున్నాడు. గోడ ఎలాగూ లేదు, అడ్డేటుంది? కబురెట్టండి, నడిసొచ్చి పూచీ పడతాడు."

ఎవరూ నవ్వలేదు. పెద్ద డీకను మొహం ఎర్రబడింది.

"ఏళాకోలమా? ఎదుటి పార్టీవోల బండెందుకెక్కినావు?"

"నడిసొస్తే సగం రోజు కూలి పోద్ది. మీరిస్తారేటి? బండి ఆలది, ఏలు నాది. మీరు సెప్పిన బొత్తామే నొక్కినాను. దేవుడి గుడిలో నిలబడి సెప్తన్నాను."

"నొక్కితే ఈ ఎనిమిది ఓట్లు ఎక్కడ్నుంచి వొచ్చినాయి?"

"నాకేటి తెల్సు? మీరు సదువుకున్నోలు. ఒక్క మడిసి ఎనిమిది ఓట్లు ఎలాగెయ్యగలదో మీరే సెప్పండి."

సరిగ్గా అదే ప్రశ్న. లెక్కల టీచరుని నేను వెయ్యవలసిన ప్రశ్న, పిక్కలు కొట్టే మనిషి వేసింది. దానికి జవాబుగా ఆరు నెలలు బల్ల ఆపాలని తీర్మానించారు. నా వైపు చూసి రాయమన్నారు. తేదీ వేశాను. "క్రమశిక్షణ నిమిత్తము బల్ల నిలిపివేయడమైనది" అని రాశాను. దస్తూరీ ఎప్పటిలాగే చక్కగా వచ్చింది.

ఆమె ఏం పోగొట్టుకుందో బయటివాళ్ళకి అర్థం కాకపోవచ్చు. పొద్దుట్నుంచి పొద్దు గూకేదాకా కూర్చుని పిక్కలు కొట్టే మనిషికి, నెలకోసారి అందరితో సమానంగా, అందరి తరవాత కాకుండా అందరితోపాటు, ఒకే పళ్ళెంలోంచి ఏదైనా అందేది అక్కడే. పైగా బల్ల ఆగి ఉండగా చనిపోతే మా సంఘంలో శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు గుడి గంట కొట్టరు. ఆమెకి ఉబ్బసం. వానాకాలం వస్తోంది.

జూన్ మొదటి ఆదివారం ఆమె మూడో వరసలోనే కూర్చుంది. రొట్టె పళ్ళెం దగ్గరకి వచ్చి, ఆమె ముందునుంచి పక్కామెకి వెళ్ళింది. పళ్ళెం పట్టుకున్న కాంట్రాక్టరు ఆమె ఒళ్ళో ఉన్న నల్లటి చేతుల వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ఆమె తిప్పుకోలేదు. పళ్ళెం ఆఖరి వరస దాకా వెళ్ళేవరకూ చూస్తూనే ఉంది.

అదే నెలలో గెలిచిన మనిషి కాశీబుగ్గ వచ్చాడు. మా పెద్దలు దండ పట్టుకుని రెండు గంటలు ఎండలో నిలబడ్డారు. దండ వేసి, "మా సంఘమంతా మీ యెంటే బాబూ, మొదట్నుంచీ" అన్నారట. సమాధుల తోట గోడ సంగతి చెప్పారట. తప్పకుండా కట్టిస్తానని ఆయన ఒట్టు వేశాడట. మా ఇంటికి వచ్చి కాంట్రాక్టరు అది మినిట్స్‌లో రాయమన్నాడు.

"ఈయనకే ఓటు వేసిందని ఒకామెకి బల్ల ఆపారు గదా?" అన్నాను.

"అది ఏరు, ఇది ఏరండి టీచరమ్మగారూ. అది కట్టుబాటు," అన్నాడు. నా దగ్గర ఏడేళ్ళు చదువుకున్నవాడు. భిన్నాలు అప్పుడూ రాలేదు.

అంత మాట అన్నదాన్ని అసలు మాట అనలేదు. జూలై బల్లా అలాగే గడిచింది. రిజిస్టరులో రెండోసారి ఒకటి తగ్గించి అంకె వేశాను.

జూలైలోనే చెవి దుద్దు అతికించుకోవడానికి కంసాలి సందుకి వెళ్ళాను. ఆ ఇంటి కోడలు ఒకప్పుడు నా విద్యార్థిని. ఎన్నికల మాట వచ్చింది. ఆమె కిసుక్కున నవ్వింది.

"మా సందు ఒక్క పార్టీ అని ఎవలు సెప్పినారు మేడంగారూ? మా పెదమావగారికీ సినమావగారికీ కాలవ తగువు గదా. పెద్దాయన ఇంటి నీలు సిన్నాయన గుమ్మంలోకొస్తన్నాయి. పెద్దాయన ఎటేస్తే సిన్నాయన అటెయ్యడు. సిన్నాయన మూడిల్లూ మీ పెద్దలు సెప్పినోడికే ఏసినాయి. పన్నెండోట్లు. ఏసి, అరుగు మీద కూకుని అరిసి మరీ సెప్పినారు, పెద్దాయన ఇనాలని."

దేశాన్ని ఎవరు పాలించాలన్నది మురుగు కాలవ తేల్చింది. దుద్దు తీసుకోకుండానే వచ్చేశాను. లెక్కకి కాగితం అక్కరలేదు. ముప్పై అయిదులోంచి పన్నెండు పోతే ఇరవై మూడు. నలభై మూడులోంచి ఇరవై మూడు పోతే ఇరవై. మా పేటలో కట్టుబాటు తప్పినవాళ్ళు ఎనిమిది మంది కాదు. తక్కువలో తక్కువ ఇరవై మంది. చేతులెత్తి, నవ్వి, ఇంటికి పోయి, తమకి నచ్చినట్టు వేసుకుని, ఒక విధవరాలిని నిలబెట్టినప్పుడు బెంచీల మీద కూర్చుని చూసినవాళ్ళు ఇరవై మంది. నాతో కలిపి.

ఆగస్టు బల్ల కూడా అయింది. ఆ ఆదివారం ఆమె దగ్గుతోంది. దగ్గు వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. బల్ల తరవాత సభ్యుల కూటం. తలుపులు వేశారు. గోడ కోసం మళ్ళీ అర్జీ పెట్టడం గురించి కాంట్రాక్టరు మాట్లాడుతుంటే లేచాను.

"ఎనిమిది అన్న లెక్క తప్పు," అన్నాను. "కంసాలి సందులో పన్నెండు ఓట్లు మీరు చెప్పిన మనిషికే పడ్డాయి. కనుక మన పేటలోంచి పక్కకి పోయినవి ఇరవై. అందులో ఒకటి నాది. నాకు బల్ల ఆపండి. మిగిలిన పంతొమ్మిది మందీ లేవండి."

లేవలేదు. ఒక్కరంటే ఒక్కరు లేవలేదు. నేను ఒక్కొక్క వరసా చూశాను. నా చేత ఎక్కాలు నేర్చుకున్న మొహాలు. కొందరు పాటల పుస్తకం తెరిచారు. వెనక వరస ముసలామె చెప్పు సర్దుకుంటోంది. పూచీ పడ్డ మొగుళ్ళలో ఇద్దరు తమ పెళ్ళాల వైపు తిరిగారు. ఆ పెళ్ళాలు కిటికీ వైపు తిరిగారు.

"ఎందుకొచ్చిన గొడవ టీచరమ్మగారూ? కూకోండి," అన్నాడు పెద్ద డీకను.

"ఇరవై మందికి ఆపండి. లేదా ఆమెకి ఇవ్వండి. ఒక్కరికి ఆపడానికి ఏ లెక్కా లేదు."

పెద్ద డీకను కాంట్రాక్టరు చెవిలో ఏదో అన్నాడు. కాంట్రాక్టరు పెద్ద డీకను చెవిలో ఏదో అన్నాడు. ఇరవై మంది ఎవరో వెతకడం మొదలుపెడితే ఎవరి ఇంటి ముందు ఆగుతుందో వాళ్ళిద్దరికీ తెలుసనుకుంటాను. వాళ్ళ మొహాలు చూస్తే ఆ ఇరవైలో వాళ్ళ ఇళ్ళ ఓట్లు లేవని కూడా నేను చెప్పలేను. ఆఖరికి పెద్ద డీకను గొంతు సవరించుకున్నాడు.

"సరే. సంఘం దయ తలిసి ఆమెను చమించి బల్లకి తీసుకుంటాది. రాసుకోండి."

నేను కలం మూత తీశాను. మూడో వరసలోంచి ఆమె లేచింది.

"చమించడానికి నానేటి సేసినాను?"

"నీకు కావాల్సింది బల్లే గదా? ఒచ్చీసింది గదా? కూకోయే."

"చమించినారని రాస్తే నానా రొట్టి ముట్టను. సచ్చినా ముట్టను. గంట కొట్టకపోతే కొట్టకండి. నాను మీరు సెప్పిన బొత్తామే నొక్కినాను, అబద్దం ఆడినోలు ఇక్కడ ఇరవై మంది కూకున్నారు. ఆలందరికీ రొట్టి ఎట్టి నన్ను చమిస్తారేటి?"

దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. బెంచీ పట్టుకుని నిలబడింది గాని కూర్చోలేదు. మూడు నెలలు నేను చెయ్యనిది ఆమె ఒక్క నిమిషంలో చేసింది. నేను రాసి, పైకి చదివాను: "మే నెల తీర్మానము పొరపాటు. సదరు సభ్యురాలిపై ఏ తప్పునూ లేదు. పొరపాటు సంఘముది." పెద్ద డీకను సంతకం పెట్టాడు. కాంట్రాక్టరు కళ్ళజోడు తేలేదన్నాడు. జేబులోంచి కనపడుతోందని చెప్పాను. పెట్టాడు.

నా బల్ల ఎవరూ ఆపలేదు. ఆపితే రిజిస్టరు రాసేవాళ్ళు లేరు. అంతకు మించి కారణం ఏమీ లేదు.

సెప్టెంబరు మొదటి ఆదివారం పళ్ళెం ఆమె దగ్గర ఆగింది. నల్లటి వేళ్ళతో ముక్క తీసుకుని, తొందర లేకుండా నమిలింది. గుడి వదిలాక మెట్ల దగ్గర నేను పలకరించబోయాను. ఏదైనా మంచి మాట అంటుందని ఆశపడ్డాననే చెప్పాలి.

"మూడు బల్లలు పోనాయమ్మగారూ," అంది. "మీ ఓటు సంగతి మీకు మే నెల్లోనే తెల్సు గదా. అప్పుడే లెగిసుంటే ఒక్కటీ పోయీది కాదు."

"అవును," అన్నాను.

వాన మొదలైంది. ఆమె కొంగు తలమీదికి లాక్కుని, దగ్గుకుంటూ ఫ్యాక్టరీ రోడ్డు వైపు వెళ్ళిపోయింది.